ఎర్రగీత కింద మన మాట

కంప్యూటరుతో తెలుగు చెప్పడం గురించి మన వైపు మాటలకి కొదవ లేదు. రాజమండ్రి పక్కన బొమ్మూరులో తెలుగు విశ్వవిద్యాలయం సాహిత్యపీఠం ఉంది. 2006లో వచ్చిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉంది. కాకినాడ, భీమవరం, అమలాపురం కాలేజీల్లో తెలుగు మాస్టార్లున్నారు. వీళ్ళంతా కూడిన చోట ఈ విషయం మీద పత్రాలు వింటే ఒకటే వరస. ఫాంట్లు ఎన్నొచ్చాయి, ఏ కీబోర్డు సులువు, సంధులూ సమాసాలూ తెర మీద ఎలా చూపించాలి, అమెరికాలో మనవాళ్ళు తెలుగు కోసం ఎంత పాటుపడుతున్నారు. చివర్లో తెలుగు వెలగాలని ఒక మాట. ఏ తెలుగు అని అడిగిన పత్రం మటుకు నాకు ఒక్కటీ తగల్లేదు. కంప్యూటర్లోకి ఎక్కిన తెలుగు ఎవరిది, ఎవరు ఎక్కించారు, అది పేట పిల్లల ముందుకి తిరిగొచ్చినప్పుడు ఏం చేస్తుంది? విమర్శ అక్కణ్ణుంచి మొదలుకావాలని నా వాదన.

ఉదాహరణ డెల్టా లోనిదే చెప్తాను. పరిశోధన మధ్యలో కొన్నాళ్ళు ఒక డిగ్రీ కాలేజీలో పార్ట్ టైముగా తెలుగు చెప్పాను. ల్యాబులో కూర్చుని సార్వా ఊడుపుల రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతుందో టైపు చెయ్యమన్నాం. ఒకమ్మాయి వాళ్ళమ్మ మాట్లాడినట్టే మొదలెట్టింది. తెల్లారగట్ట లేచి ఎల్లడం, ఆకుమడి తియ్యడం, ముఠా మేస్త్రి కేకలు, ఒంగుని ఒంగుని నడుం పట్టెయ్యడం, అన్నీ వచ్చాయి. ఒక్కో మాట కింద ఎర్రగీత పడుతూ వచ్చింది. నాలుగు వాక్యాలయ్యాక ఆ అమ్మాయి చెయ్యి ఆగింది. "సార్, మాయమ్మ మాటలన్నీ తప్పంటందండి ఇది" అంది. గంట తర్వాత చూస్తే ఆ నాలుగు వాక్యాలూ లేవు. వాటి చోట ఒక వ్యాసం ఉంది: తన తల్లి వ్యవసాయ కూలీగా ఎంతో శ్రమిస్తున్నదనీ, రైతే దేశానికి వెన్నెముక అనీ. ఎర్రగీతలు దాదాపు పోయాయి. దాంతోపాటు ఆకుమడి పోయింది, మేస్త్రి పోయాడు, నడుం నొప్పి పోయింది. పొలం లేని తల్లి కథలోకి రైతు వచ్చి కూర్చున్నాడు.

దీన్ని అక్షరదోషాల వ్యవహారం అనుకుంటే పొరపాటు. మాట మారేసరికి విషయమే మారింది. తెలుగు మాస్టార్లు ఎర్రసిరా కలంతో చేసే పనే ఇది, కొత్తేం కాదు. అయితే మాస్టారితో పోట్లాడొచ్చు. మాస్టారికి కులం ఉంది, ఊరుంది, అభిప్రాయాలున్నాయి, మొహం మీదే అడగొచ్చు. ఎర్రగీతకి ఇవేవీ ఉన్నట్టు కనపడవు. అది సైన్సు లాగా కనిపిస్తుంది. మొదటి తరం చదువుకునే పిల్లకి యంత్రం తప్పంది అంటే ఇంక అప్పీలు లేదు.

యంత్రానికి కులం లేదన్నది నిజమే. దానికో పట్టీ ఇస్తారు, కొన్ని సూత్రాలు ఇస్తారు, అందులో ఇమడనిదాన్ని గీత కొట్టమంటారు. తెలుగుకి పట్టీ ఒక్కటే చాలదు. విభక్తులూ కాలాలూ పురుషలూ కలిసి ఒక్క క్రియకే లెక్కలేనన్ని రూపాలొస్తాయి కాబట్టి, రూపాలు కట్టే సూత్రాలు రాసుకోవాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ అక్కడి ట్రిపుల్ ఐటీలోనూ ఇలాంటి పని ఏళ్ళ తరబడి జరిగింది. కష్టమైన పని, చేసినవాళ్ళని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. అయితే సూత్రం దేనికి రాశారు? 'చేస్తున్నాడు'కి రాశారు. 'సేత్తన్నాడు'కి ఎవరు రాస్తారు?

ఇక్కడ మన తెలుగు పండితులకి ఒక మాట. మా పేటల్లో చ పోయి స వస్తుంది: సేను, సెప్పు, సదువు. స్త పోయి త్త వస్తుంది: వత్తాను, సూత్తాను, సేత్తాను. మాట మొదట్లో ఇ, ఎ, ఏల ముందు వ జారిపోతుంది: ఇత్తనం, ఎల్లడం, ఏపచెట్టు. ఇదంతా నోరు తిరక్క వచ్చిందని మనకి బళ్ళో నూరిపోశారు. నోరు తిరక్కపోతే 'ఇత్తనం'లో త్త ఎలా పలుకుతోంది, 'వత్తాను'లో వ ఎలా నిలబడింది? ఇవి నియమాలు. చిన్నయ సూరి 1858లో బాలవ్యాకరణంలో పెట్టిన సంధి సూత్రాలు ఎంత పద్ధతిగా నడుస్తాయో ఇవీ అంత పద్ధతిగానే నడుస్తాయి. పైగా కంప్యూటరుకి కావలసింది ఇలాంటి నియమమే. ఫలానా అక్షరం ఫలానా చోట ఫలానాగా మారుతుందని చెప్తే చాలు, అది చేసుకుపోతుంది. చదువుకున్న మనిషి ఒకడు పది రోజులు కూర్చుంటే ఈ సూత్రాలు రాయొచ్చు. అది ఎవరికీ ముఖ్యమైన పనిగా తోచలేదు, అంతే. ఈ మాట ఒక్క మాలమాదిగలదే అనుకోవద్దు. శెట్టిబలిజల నోట, లంకల్లో పడవ నడిపేవాళ్ళ నోట, చదువు దాకా రాని కాపుల నోట కూడా ఉంది. డెల్టాలో ఎక్కువమంది మాట్లాడే తెలుగు ఇదే. ఎక్కువమంది మాట్లాడేది తప్పు కావడం, తక్కువమంది రాసేది ఒప్పు కావడం ఎక్కడిదో చూడాలంటే కాస్త వెనక్కి పోవాలి.

ఆ చరిత్రలో సగం మన గోదావరి ఒడ్డునే జరిగింది. 1919లో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టింది రాజమండ్రిలోనే. వీరేశలింగం అధ్యక్షుడు, గిడుగు రామమూర్తి దాని నడక. ఎదటి పక్షం ఆంధ్ర సాహిత్య పరిషత్తు. అది మద్రాసులో పుట్టి కాకినాడ చేరింది. జయంతి రామయ్య పంతులు దాని పెద్ద. పిఠాపురం రాజు డబ్బుతో ఆ పరిషత్తు తయారుచేసిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటి 1936లో వచ్చింది. నిఘంటువు అంటే కావ్యాల్లోంచి ఏరిన మాటల రాశి. కావ్యంలో లేని మనిషికి అందులో చోటెక్కడిది? గిడుగు ఆ నిఘంటువు మీదా కలం ఎత్తాడు. గిడుగుని మనం గౌరవిస్తాం. పర్లాకిమిడిలో ఉండి సవరల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి వాచకాలు రాసినవాడు, ఆ రోజుల్లో ఎంతమంది చేశారా పని? అయినా ఆయన గెలిపించింది శిష్ట వ్యావహారికాన్ని. శిష్టులంటే ఎవరో మనకి తెలుసు. పేట ఆ మాటలో లేదు. గ్రాంథికానికీ శిష్ట వ్యావహారికానికీ జరిగిన తగాదా ఇంట్లో తగాదా. మనం అప్పుడు గుమ్మం బయట ఉన్నాం.

సూర్యరాయాంధ్రం, బ్రౌణ్యం, శబ్దరత్నాకరం ఇప్పుడు ఇంటర్నెట్టులో దొరుకుతున్నాయి. ఆంధ్రభారతిలో మాట కొడితే అన్ని నిఘంటువుల అర్థాలూ ఒక్కచోట వస్తాయి. నా పరిశోధనకి అది రోజూ అక్కరకొచ్చేదే. అన్ని సంపుటాలు కొనుక్కునే స్తోమత నాకెక్కడిది? కానీ మనం గమనించవలసింది ఉంది. 1936 నాటి పుస్తకం లైబ్రరీ బీరువాలో ఉన్నంతకాలం దాని పెత్తనం ఆ బీరువా వరకే. తెర మీదకి వచ్చాక ప్రతి విద్యార్థికీ మొదటి సాక్షి అదే అయింది. అందులో లేని మాట లేనట్టే లెక్క. దానికి ఎదురుగా నిలబెట్టదగ్గ పని మన దగ్గర జరక్కపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం వచ్చింది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. ఊళ్ళు తిరిగి, పనిచేసేవాళ్ళని అడిగి రాసుకున్న మాటలు. పద్యం పక్కన పెట్టి పలుగూ పార పట్టుకున్న నిఘంటువు అది. తెలుగు బోధనలో కంప్యూటర్ గురించి మాట్లాడే ఎంతమంది దాన్ని క్లాసులో తెరిచారు?

తెలంగాణ మిత్రులు చాలా కాలంగా ఒక మాట అంటున్నారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల భాషని ప్రమాణం చేసి మిగతా తెలుగులన్నిటినీ యాస అన్నారని. ఆ విమర్శలో నిజం ఉంది, ఒప్పుకోవాలి. ఐతే గోదావరి జిల్లా అంటే ఎవరు? ప్రమాణం అయింది అగ్రహారం మాట, కాలవ కింద మాగాణి ఉన్నవాడి మాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఎవరి చేతిలో భూమి ఉందో వాళ్ళ చేతికి చదువొచ్చింది, పత్రికొచ్చింది, సినిమా వచ్చింది. అదే కాలవ నీళ్ళలో ఊడ్చినవాళ్ళ మాట పత్రిక్కి ఎక్కలేదు. సినిమాకి మాత్రం ఎక్కింది, నవ్వించడానికి. 'ఆయ్' అని ఒకడు తెర మీదకొస్తే హాలంతా నవ్వుతుంది. పెద్దవాళ్ళ ముందు మర్యాదగా మా తాతలు అన్న మాట అది.

ఇక యంత్రంలోకి ఎక్కిన సాహిత్యం సంగతి. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకి చోటిచ్చారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో తెలుగు ఫాంటు వచ్చింది, దాని పేరు గౌతమి, మన గోదావరి పేరే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. విదేశాల్లో ఉన్నవాళ్ళూ ఇక్కడి ఉత్సాహవంతులూ రాత్రింబవళ్ళు కూర్చుని కావ్యాలు, పురాణాలు, శతకాలు యూనికోడులోకి ఎక్కించారు. జీతం లేని పని, మెచ్చుకోవలసిందే. కానీ ఎవరికి ఏది ప్రాణమో వాళ్ళు అదే ఎక్కిస్తారు. భాగవతం పద్యం ఒక్క ముక్క కొడితే మొత్తం వస్తుంది. మన సంగతి చూడండి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు, ఆ వేడిలో పుట్టిన పత్రికలు, కరపత్రాలు, సంకలనాలు ఎన్ని! 1995లో 'చిక్కనవుతున్న పాట', ఆ మరుసటేడు 'పదునెక్కిన పాట'. ఆ కాలపు అచ్చు చాలావరకు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకరు మీద, అనూ వంటి పాత ఫాంట్లలో కూర్చింది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం నిజానికి అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరానికి తెలుగు బొమ్మ తొడిగిన వేషం. బొమ్మ తీసేస్తే లోపల ఏవో గుర్తులుంటాయి. వెతికితే దొరకదు, యూనికోడులోకి మార్చకుండా యంత్రం చదవలేదు. స్కాన్ చేసి పెట్టినవీ పేజీల ఫోటోలే. అంటే మన ఉద్యమ సాహిత్యం అచ్చయి కూడా కంప్యూటర్ కంటికి ఆనదు. ఇవాళ తెలుగు రాసే ఏఐ యంత్రాలు ఇంటర్నెట్టులో దొరికిన తెలుగుని మేసి పెరిగినవే. మనది వాటి గడ్డిలో ఎంత పడింది?

ఇందులో ఒక వెక్కిరింత ఉంది. తెలుగుని కంప్యూటరు మీద మొదట రోజువారీ కూలికి కొట్టింది పండితులు కాదు. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు బజార్లలో డీటీపీ సెంటర్లలో కూర్చున్న కుర్రాళ్ళు, ఆడపిల్లలు. ఇంటర్‌తో చదువాపేసినవాళ్ళు, పేటలోంచీ బీసీ వాడల్లోంచీ వచ్చినవాళ్ళు వాళ్ళలో చాలామంది. పెళ్ళికార్డు, గైడు, పిహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం, మూడూ ఒకే చేత్తో కొట్టారు. ప్రొఫెసర్ల ద్విత్వాలూ వత్తులూ దిద్దినవాళ్ళు కూడా వాళ్ళే. తెలుగు కంప్యూటర్ చరిత్రలు రాసేటప్పుడు వాళ్ళు ఆపరేటర్లు, అంతే. పేర్లుండవు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే తెలుగు ఫాంట్ల పట్టీ తీసి చూడండి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, తెనాలి రామకృష్ణ. అష్టదిగ్గజాలు దాదాపుగా దిగిపోయారు. రాయలవారు లేకుండా సభ ఎలాగ, ఆయనా ఉన్నాడు. గురజాడ, గిడుగు, సురవరం ఉన్నారు. జాషువా లేడు. బోయి భీమన్న లేడు. రాజమండ్రి కుసుమ ధర్మన్న సంగతి అడక్కండి. ఫాంటుకి పేరెట్టడం చిన్న విషయం అనొచ్చు. చిన్న విషయమే. ఐనా పిల్లాడు ప్రాజెక్టు కొట్టేముందు రోజూ ఆ జాబితా కిందికి లాగుతాడు. పాఠ్యపుస్తకం అక్కర్లేదు, తెలుగు కవి అంటే రాజు దగ్గర కూర్చున్నవాడని ఆ జాబితాయే నేర్పుతుంది.

ఇప్పుడు ఇంగ్లీషు. దీని మీద మన వైఖరి దాచుకోవలసిన పనిలేదు. 2019 నవంబరులో ఆంధ్ర ప్రభుత్వం బళ్ళలో ఇంగ్లీషు మీడియం పెడతానని జీవో ఇచ్చినప్పుడు తెలుగు చచ్చిపోతోందని ఏడ్చినవాళ్ళ పిల్లలు ఏ మీడియంలో చదివారో ఊళ్ళో అందరికీ తెలుసు. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మాతృభాష మీద ప్రేమ పేట పిల్లలు మాత్రమే మొయ్యవలసిన మోత అవడం ఏం న్యాయం? కంచ ఐలయ్య వంటివాళ్ళు ఈ మాట ముందునించీ చెప్తున్నారు. ఉత్తరప్రదేశ్‌లో బంకా అనే ఊళ్ళో 2010లో చంద్రభాన్ ప్రసాద్ ఇంగ్లీషు దేవతకి గుడి తలపెట్టాడు. ఆ దేవత ఒక చేత కలం, ఒక చేత రాజ్యాంగం పట్టుకుని కంప్యూటరు మీద నిలబడి ఉంటుంది. దేవత అంటే నాకు చిరాకే, గుళ్ళోకి రానివ్వని వాళ్ళం కొత్త గుడి కట్టుకోవడం ఏవిటని. కానీ ఆ బొమ్మ చేసినవాళ్ళ ఆకలి నాకర్థమవుతుంది. భాష, చట్టం, యంత్రం మూడూ ఒకేసారి మన చేతిలోకి రావాలన్న ఆకలి.

ఆ ఆకలికి ప్రభుత్వం పెట్టిన కూడేమిటి? 2022 డిసెంబరు 21 నించి ఎనిమిదో తరగతి పిల్లలకీ మాస్టార్లకీ కలిపి దాదాపు 5 లక్షల ట్యాబులు పంచారు. అందులో పాఠాలు బైజూస్ కంపెనీవి. ట్యాబు ఇవ్వడం మంచిదే. మాలపేట పిల్ల చేతిలోకి సొంతంగా ఒక తెర రావడం తేలిక విషయం కాదు, దాన్ని ఎగతాళి చేసినవాళ్ళతో నాకు పొత్తు లేదు. కానీ భాష నేర్పే పద్ధతిగా చూస్తే ఏముంది? ఎక్కడో స్టూడియోలో ఒక మనిషి మాట్లాడతాడు, బొమ్మలు కదులుతాయి, పిల్లలు చూస్తారు. కరోనా రోజుల్లో 2020లో సప్తగిరి ఛానల్లో వచ్చిన విద్యావారధీ అంతే, అప్పుడు టీవీ, ఇప్పుడు ట్యాబు. భాష చూస్తే రాదు. నోరు తెరవాలి, తప్పు మాట్లాడాలి, ఎదటివాడు అడ్డం తగలాలి. అగ్రవర్ణాల ఇంట్లో ఇంగ్లీషు అలా వస్తుంది, అన్నం తింటూ వస్తుంది. పేట పిల్లకి యంత్రం ఇవ్వాల్సింది మాట్లాడే అవకాశం. ఇచ్చింది వినే అవకాశం. ఊరి బళ్ళో వెనక బెంచీలో కూర్చుని నోరుమూసుకుని వినడం మా అమ్మలు, అయ్యలు కూడా చేసిందే. ఇక ఆ కంపెనీ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి పోయింది. పిల్లల భాషని ఒక వ్యాపార సంస్థ లాభనష్టాలకి కట్టేస్తే ఏమవుతుందో చెప్పడానికి వేరే ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు.

యంత్రం ఇచ్చినా దానికి ప్రాణం పోసే తీగ ఎవరి చేతిలో ఉందో 2022 మేలో కోనసీమ చూసింది. జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరుస్తామన్నందుకు మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. దళితుడైన మంత్రి. పిలుపులు నడిచింది ఫోన్లలోనే. తర్వాత ప్రభుత్వం కోనసీమ అంతా ఇంటర్నెట్టు ఆపేసింది, రోజుల తరబడి. తగలబెట్టినవాడికీ తగలబడ్డవాడికీ ఒకటే శిక్ష. ఆన్‌లైను పాఠం మీద, ఫోను మీద ఆధారపడ్డ పేట పిల్లకి పక్కన ఇంకో దారి లేదు. ఊళ్ళో పిల్లకి ట్యూషను మాస్టారుంటాడు, ఇంట్లో పుస్తకాల బీరువా ఉంటుంది. ఒక పేరుని, అంటే ఒక మాటని, ఓర్చుకోలేక జరిగిన గొడవ అది. ఆ పేరు చివరికి నిలిచింది. భాషాబోధన మీద మాట్లాడేవాళ్ళు మాత్రం ఈ సంగతి తమ విషయంలోకి రాదనుకుంటారు.

ఇంత చెప్పాక, పేటలో కంప్యూటరూ భాషా అసలు కలవలేదని నేనంటే అది అబద్ధం అవుతుంది. కలిశాయి, బడి బయట. నర్సాపురంలో 1836లో మొదలైన గోదావరి డెల్టా మిషన్ కాలం నించీ మా పేటలకి మొదటి పుస్తకం బైబిలు. బళ్ళోకి రానివ్వని రోజుల్లో వాక్యం చదవడం కోసం అక్షరాలు నేర్చుకున్న ముసలాళ్ళున్నారు. ఇవాళ అదే బైబిలు ఫోనులో ఉంది. అమ్మలు చదువుకుంటారు, చదవలేనివాళ్ళు వింటారు, వింటూ వేలు పెట్టి అక్షరం పోల్చుకుంటారు. తెలుగు మాస్టార్లు దీన్ని చర్చి తెలుగని నవ్వుతారు. 2023లో మెటా కంపెనీ వెయ్యికి పైగా భాషల మాట గుర్తుపట్టే యంత్రం చెయ్యడానికి వాడింది కొత్త నిబంధన చదివిన రికార్డుల్నే. ప్రపంచంలో చిన్న భాషలకి యంత్రం నోరు అక్కణ్ణుంచి వచ్చింది. మన దగ్గర మాత్రం అది భాషాబోధన లెక్కలోకి రాదు. నాకు మతం మీద మోజు లేదు. చదువు ఏ దారిన వచ్చిందో ఆ దారిని చెప్పకపోవడం చరిత్ర దాచడం అని మాత్రం అంటాను.

ఇంకో దారి కువైట్ దారి. రెండు గోదావరి జిల్లాల నించీ ఆడవాళ్ళు గల్ఫ్ దేశాలకి ఇంటిపనికి పోతున్నారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. అమ్మ రాయలేదు, వాయిస్ మెసేజీ పెడుతుంది. అందులో మా తెలుగుంటుంది, రెండు అరబ్బీ మాటలుంటాయి, చెప్పకూడదనుకున్నది కూడా గొంతులో వినపడుతుంది. తెలుగు క్లాసులో లేఖారచన అనే పాఠం ఉంది. స్నేహితుడికి విహారయాత్ర గురించి లేఖ రాయమంటారు. ఫోనులో వందల లేఖలు పెట్టుకు కూర్చున్న పిల్ల, వెళ్ళని విహారయాత్ర గురించి కల్పించి రాస్తుంది. 2017లో గూగుల్ తెలుగులో మాట్లాడితే టైపయ్యే సౌకర్యం ఇచ్చింది. ఆ వాయిస్ మెసేజీని క్లాసులో దానికి వినిపించి చూడండి. ఎక్కడ తడబడుతుందో అక్కడ పాఠం మొదలవుతుంది. యంత్రం ఏం విన్నది, అమ్మ ఏమంది, తేడా ఎందుకొచ్చింది? వ్యాకరణం అంతా ఆ తేడాలో చెప్పొచ్చు.

జాషువా 1915–16 ప్రాంతంలో రాజమండ్రిలో సినిమా వాచకుడుగా పనిచేశాడు. మూకీ సినిమాల రోజులు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథా సంభాషణలూ చెప్పే ఉద్యోగం. విదేశంలో పుట్టిన యంత్రానికి తెలుగు లేదు, దాని పక్కన నిలబడ్డ మనిషి గొంతే దాని తెలుగు. పద్యాలు చదివిస్తూ ఆయన ఛందస్సు గురించి గంటలు చెప్పే మాస్టార్లు ఈ ఉద్యోగం సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకైతే కంప్యూటర్ ముందు మన స్థానం గురించి ఆలోచించినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది.

క్లాసులో ఏం చెయ్యాలన్నది మాస్టార్లు అడుగుతారు, అడగాలి కూడా. పేట మాటని ఉన్నదున్నట్టు ఒప్పు అనేసి ఊరుకుంటే మన పిల్లలే మునుగుతారు. డీయస్సీ పరీక్షలో 'సేత్తన్నాడు' అని రాస్తే ఉద్యోగం రాదు. రెండూ రావాలి, రెండిటికీ తేడా తెలియాలి, ఒకటి పెద్దకులం మాట కాబట్టి పరీక్షలో ఉందని కూడా తెలియాలి. యాసని అచ్చుగుద్దినట్టు రాసి పత్రికలో వెయ్యడం మీద కూడా నాకు అనుమానాలున్నాయి. చదివేవాడికి అది సినిమా 'ఆయ్' లాగే కనపడే ప్రమాదం ఉంది. కథలో పాత్రలు మాత్రం యాస మాట్లాడి, రచయిత మాత్రం శిష్టంగా రాస్తే ఆ తేడా ఇంకా గట్టిపడుతుంది. దీనికి తేలికైన జవాబు లేదు. ఎండ్లూరి సుధాకర్ లాంటివాళ్ళు రాజమండ్రిలోనే తెలుగు పాఠం చెప్తూ కవిత్వం రాసి, 2022లో పోయేదాకా ఈ రెండు తెలుగుల మధ్యే బతికారు.

కాని కొన్ని పనులకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్పెల్‌చెకర్లో 'నిఘంటువుకి చేర్చు' అని ఒక మీట ఉంటుంది. ల్యాబులో ఉన్న ప్రతి కంప్యూటర్లోనూ విద్యార్థుల చేత ఆకుమడి, దాళ్వా, బోదె, పన, ముఠా, దింపు, ఒలుపు ఎక్కించండి. కొబ్బరి దింపుడు పనికి పోయే నాన్నని అడిగితే ఇంకో యాభై మాటలొస్తాయి. ఏ మాట కింద గీత పడిందో పిల్లలే పట్టీ రాస్తే, అందులోంచే పైన చెప్పిన నియమాలు వాళ్ళే తీస్తారు. ఒక్కో పట్టీ మీదా ఊరు పేరు, పేట పేరు, చెప్పినవాళ్ళ వయసు రాయాలి. కాలేజీకి ఒకటి వచ్చినా డెల్టా మొత్తానికి ఒక పదకోశం తయారవుతుంది.

రెండోది టైపు పని. కుసుమ ధర్మన్న గారితో మొదలెట్టొచ్చు. 1921లో 'మాకొద్దీ నల్లదొరతనము' రాసినవాడు, తర్వాత హరిజన శతకం రాసినవాడు, జయభేరి నడిపినవాడు. ఆయన పోయి అరవై ఏళ్ళు దాటింది కాబట్టి కాపీరైటు అడ్డు లేదు. శతకం ఒక్కొక్కరికి నాలుగు పద్యాలు పంచితే ఒక సెక్షను పిల్లలు రెండు పీరియడ్లలో యూనికోడులోకి ఎక్కిస్తారు. తర్వాత తొంభైల పత్రికలు. వాటికి రాసినవాళ్ళ, సంపాదకుల, లేకపోతే కుటుంబాల అనుమతి కావాలి. చాలామంది మన మధ్యే ఉన్నారు, ఫోను చేస్తే పలుకుతారు. ఎవరి ఇంట్లో అటక మీద పాత సంచికలున్నాయో వాళ్ళు ముందు చెదలు చూసుకోవాలి. డీటీపీ సెంటర్ల పాత హార్డుడిస్కుల్లో అనూ ఫైళ్ళు ఇంకా ఉండొచ్చు. వాటిని యూనికోడులోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతున్నాయి, మార్చాక వత్తుల దగ్గర తప్పులొస్తాయి. అవి దిద్దడం అప్పట్లో కొట్టిన ఆపరేటర్లకి బాగా తెలుసు. వాళ్ళని పిలిచి, కూలిచ్చి, ఈసారి పేరు కూడా వేద్దాం.